సింగ్ నగర్ నుంచి ఆటో నగర్‌కు సైకిల్: వరద తర్వాత ఒక షెడ్డులో చేసిన పని

2024 ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదటి రోజుల్లో బుడమేరు వాగు గట్లు తెగి విజయవాడలోని సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ, కండ్రిక రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, అక్కడి మోటారు సైకిళ్లలో చాలా భాగం ఇంటి ముందు నిలిపిన చోటే మునిగిపోయాయి. ప్రభుత్వం ద్విచక్ర వాహనానికి 3,000 రూపాయల సాయం ప్రకటించింది గానీ, ఇంజిన్ విప్పి బురద కడిగించి, ఆయిల్ మార్పించి, వైరింగ్ సరిచేయించుకోవడానికి అయ్యే ఖర్చు అంతకు చాలా మించింది. పైగా మెకానిక్కుల దగ్గర వరుస అంతూపొంతూ లేకుండా ఉండేది. ఆటో నగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డులో పనిచేసే వెల్డర్లు, వడ్రంగులు, హెల్పర్లలో ఆ కాలనీల వాళ్లు ఎక్కువమంది. పని మొదలైన రోజుకు బండి లేనివాళ్లు కొందరు షేర్ ఆటోలు ఎక్కారు, కొందరు ఇంట్లో ఏ సైకిల్ ఉంటే అది బయటికి తీశారు. ఒకరిది మామగారి ఊరి నుంచి తెచ్చిన పాత రాడ్డు సైకిల్. ఇంకొకరిది, కూతురు తొమ్మిదో తరగతిలో ఉండగా ‘బడికొస్తా’ పథకం కింద బడిలో ఇచ్చిన సైకిల్.

రహదారి భద్రత మీద సంస్థలకు సలహాలు ఇవ్వడం నా వృత్తి. ఆ షెడ్డు యజమాని నన్ను పిలిచింది పర్యావరణం మీద మక్కువతో కాదు. బండి కొనుక్కోవడానికి అడ్వాన్సు ఇమ్మని పనివాళ్లు వరుసగా అడుగుతున్నారు, అందరికీ ఒకేసారి ఇవ్వడం ఆయన వల్ల కాదు. “సైకిల్ మీద వస్తున్నవాళ్లలో ఇష్టపడేవాళ్లు అలాగే కొనసాగాలంటే నేనేం చేయాలో చెప్పండి, ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను, కానీ ఎవరినీ బలవంతం చేయను” అన్నారు. ఆ షరతు నాకు నచ్చింది. ఈ పని వరద తర్వాతి నెలల్లో మొదలై ఆ తర్వాతి ఎండాకాలం దాటేదాకా సాగింది. అందులో తేలిన విషయాన్ని ముందే చెప్పేస్తాను. బెజవాడలో రోజూ పనికి సైకిల్ తొక్కే మనిషిని ఆపుతున్నది దూరమూ కాదు, ఒంట్లో సత్తువా కాదు, ఎండ కూడా పూర్తిగా కాదు. ప్రతి ఒక్కరి దారిలోనూ ఉన్న రెండు మూడు చోట్లే ఆపుతున్నాయి. ఆ చోట్లు దాటించగలిగితే మిగతా దారంతా తొక్కడానికి వాళ్లకు మన సాయం అక్కర్లేదు.

దూరం సమస్య కాదని ఎలా తెలిసింది

విజయవాడ నగరపాలక సంస్థ విస్తీర్ణం 61.88 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల నాటికే అందులో 10 లక్షలకు పైగా జనం ఉన్నారు. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండలను పక్కన పెడితే మిగిలినదంతా కృష్ణా డెల్టా నేలే కాబట్టి ఎత్తుపల్లాలు లేవు. ఇంత ఇరుకైన, ఇంత చదునైన ఊరు సైకిల్‌కు అనువైనదని పుస్తకం తెరవకుండానే చెప్పవచ్చు. షెడ్డు వాళ్ల ఇళ్లు చాలావరకు ఏడెనిమిది కిలోమీటర్ల లోపే ఉన్నాయి, సాధారణమైన సైకిల్ మీద అది అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. అదే 2011 లెక్కల్లో దేశంలో దాదాపు 45 శాతం కుటుంబాలకు సైకిల్ ఉంది. వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాక ఇతర పనులు చేసేవాళ్లలో సుమారు 13 శాతం మంది సైకిల్ మీదే పనికి వెళ్తున్నట్లు నమోదైంది. సైకిల్ మీద పనికి వెళ్లడం మన దగ్గర కొత్తగా నేర్పవలసిన అలవాటు కాదన్నమాట.

డబ్బు లెక్క కూడా వాళ్లకు నేను చెప్పనక్కర్లేకపోయింది. రానూపోనూ రోజుకు పద్నాలుగు కిలోమీటర్లు, నెలకు ఇరవై ఆరు రోజుల పని, లీటరుకు యాభై కిలోమీటర్లు ఇచ్చే బండి, అప్పటి ధర ప్రకారం లీటరు పెట్రోలు 109 రూపాయల చిల్లర అనుకుంటే నెలకు ఎనిమిది వందలు. దానికి వాయిదా, ఇన్సూరెన్సు, సర్వీసింగు కలిపితే ఎంతవుతుందో వాయిదా కడుతున్నవాళ్లకే బాగా తెలుసు.

అందుకని ఎందుకు తొక్కాలన్న ప్రసంగం నేను చేయలేదు. సైకిల్ మీద వస్తున్న ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఇంటి నుంచి షెడ్డు దాకా దారిని కాగితం మీద గీయమని, ఎక్కడెక్కడ దిగి నడుస్తారో అక్కడ చుక్క పెట్టమని అడిగాను. “ఎక్కడ భయం వేస్తుంది?” అని అడిగితే మగవాళ్లు జవాబు చెప్పరు, “ఎక్కడ దిగుతారు?” అంటే చెబుతారు. ఒక నడివయసు వెల్డరు మాత్రం దాచుకోలేదు. “వంతెన ఎక్కేటప్పుడు వెనకాల లారీవాడు హారన్ కొడితే కాళ్లు ఆడవండి, అప్పుడు దిగడమే” అన్నాడు. కాగితాలన్నీ ఒకచోట పరిచి చూస్తే చుక్కలు ఊరంతా చెల్లాచెదురుగా లేవు, గుంపులుగా మూడు చోట్ల పడ్డాయి.

మూడు అడ్డంకులు

మొదటిది రైలు పట్టాలు. సింగ్ నగర్, పాయకాపురం పట్టాలకు ఉత్తరాన ఉన్నాయి, ఊరి తక్కిన భాగం దక్షిణాన ఉంది. ఫ్లైఓవర్ ఎక్కితే త్వరగా దాటవచ్చు గానీ దాని మీద సైకిల్‌కు వేరే జాగా లేదు. ఎక్కుడులో సైకిల్ వేగం మనిషి నడకకు దగ్గరగా పడిపోతుంది, వెనక వచ్చే బస్సుకు అది కనిపించేసరికే దగ్గరైపోతుంది. గుణదల గేటు మీదుగా వెళ్తే ఎక్కుడు లేదు, కానీ విశాఖ వైపు వెళ్లే ప్రధాన మార్గం కాబట్టి గేటు పడిందంటే ఎంతసేపు నిలబడాలో చెప్పలేం. అండర్ బ్రిడ్జిల్లో వాన పడితే నీళ్లు నిలుస్తాయి.

రెండోది కాలువ వంతెనలు. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరిని కోసుకుంటూ పోతాయి కాబట్టి, ఇటు వీధికీ అటు వీధికీ మధ్య ఎన్ని సందులున్నా చివరికి అందరూ కొద్దిపాటి వంతెనల మీదకే వచ్చి చేరాలి. సందుల్లో నిదానంగా వచ్చిన సైకిల్ సరిగ్గా అక్కడే ఆటోలు, బస్సులు, తోపుడు బళ్లతో కలుస్తుంది. గుణదల వైపు వంతెన మొదట్లో రోడ్డు అంచున మురుగు కాలువ మీద వేసిన ఇనుప జాలీ ఒకటి ఉండేది. దాని కడ్డీలు బండ్లు వెళ్లే దిశలోనే పొడవుగా ఉండేవి, రెండు కడ్డీల మధ్య సందులో సైకిల్ టైరు సులువుగా దిగిపోయేది. మోటారు సైకిల్ టైరు వెడల్పుగా ఉంటుంది కాబట్టి దాని మీదుగా వెళ్లినవాళ్లకు అదొక సమస్య అని కూడా తట్టదు. సైకిల్ తొక్కేవాళ్లు దాన్ని తప్పించుకోవడానికి సరిగ్గా ఇరుకైన చోట రోడ్డు మధ్యకు జరిగేవాళ్లు. వెనక వచ్చేవాళ్లకు మాత్రం వాళ్లు కారణం లేకుండా అడ్డం వస్తున్నట్లు కనిపించేది.

మూడోది, అన్నిటికన్నా మొండిది, జాతీయ రహదారి. ఆటో నగర్ రహదారికి అవతల ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్లు వచ్చాక పైనుంచి పోయే వాహనాలకు ఇబ్బంది తీరింది గానీ, రామవరప్పాడు వైపు రహదారిని అడ్డంగా దాటవలసిన మనిషి పరిస్థితి మారలేదు. సిగ్నల్ పచ్చలైటు ఎంతసేపు ఉంచాలన్నది దాటుతున్న కార్లను చూసి నిర్ణయిస్తారు. సర్వీసు రోడ్లతో కలిపి దాటవలసిన వెడల్పు నలభై మీటర్లు అనుకుందాం. సైకిల్ నెట్టుకుంటూ నడిచే మనిషి సెకనుకు ఒక మీటరు చొప్పున పోతే నలభై సెకన్లు కావాలి. కారుకు ఎనిమిది, పది సెకన్లు చాలు. పచ్చలైటు ఇరవై సెకన్లే ఉంటే సైకిల్ మనిషి డివైడర్ దగ్గర ఆగిపోవాలి, అక్కడ నిలబడటానికి అడుగు వెడల్పు గట్టు తప్ప ఏమీ లేదు. వాళ్లు పచ్చలైటు పడకముందే దూసుకుపోతారని ట్రాఫిక్ కానిస్టేబుళ్లు విసుక్కుంటారు. లెక్క చూస్తే అలా దూసుకుపోవడంలో తెలివితక్కువతనం కనిపించదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో సైకిల్ తొక్కుతున్నవాళ్లు 4,836 మంది. ఈ సంఖ్య తక్కువగా కనిపించి సైకిల్ క్షేమమనిపిస్తుంది, కానీ ప్రమాదం తక్కువ కావడం వేరు, ప్రమాదమున్న చోటికి సైకిల్ పోవడం మానేయడం వేరు. షెడ్డులో ఒకప్పుడు సైకిల్ తొక్కి మానేసిన పెద్దవాళ్లను అడిగితే ఎక్కువమంది చెప్పిన కారణం ఈ రహదారే.

దారి మార్చడం

పనివాళ్లు సైకిల్ మీద కూడా మోటారు సైకిల్ దారినే వచ్చేవాళ్లు. పాయకాపురం నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకుని రామవరప్పాడు రింగుకు వచ్చి, రహదారి వెంట ఆటో నగర్ చేరడం బండికి దగ్గర దారి. సైకిల్‌కు అది లారీల పక్కన సాగే అతి పొడవైన దారి. మేం కొత్తగా గీసిన దారి దేవీనగర్ మీదుగా గుణదల గేటుకు, అక్కడ కాలువ దాటి లోపలి వీధుల్లోంచి భారతీనగర్, గురునానక్ కాలనీ వైపు, ఆపైన రహదారిని ఒకే ఒక్కచోట నిటారుగా దాటి మహానాడు రోడ్డుకు. ఇది కొంచెం చుట్టు, ఐదు పది నిమిషాలు ఎక్కువ. కానీ రహదారి వెంట తొక్కడం పూర్తిగా తప్పింది, దాటడం ఒక్కటే మిగిలింది.

సత్యనారాయణపురం వైపు ఉన్నవాళ్లకు మరో వీలుంది. పాత రైలు మార్గం తీసేసిన చోట, బస్సులకు ప్రత్యేక దారిగా తలపెట్టి వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు వెడల్పుగా, మలుపులు తక్కువగా ఉంటుంది. పొద్దున పూట అక్కడ తొక్కడం హాయి. సాయంత్రం పార్కింగూ, తినుబండారాల బళ్లూ ఆ వెడల్పును సగం తినేస్తాయి కాబట్టి వాళ్లకు తిరుగు ప్రయాణానికి వేరే వీధి చూపించాం. పోయే దారి, వచ్చే దారి ఒకటే కానక్కర్లేదన్న మాట వింతగా విన్నారు, తర్వాత అందరికన్నా బాగా పాటించింది వాళ్లే.

దారి కాగితం మీద ఇచ్చి పంపితే లాభం లేదు. ఒక వారం పొద్దున పూట పాయకాపురంలో ఒక టీ కొట్టు దగ్గర కలుసుకుని గుంపుగా బయలుదేరే ఏర్పాటు చేశాం. నలుగురైదుగురు కలిసి వెళ్తున్నప్పుడు కాలువ వంతెన మీద ఆటోలు ఇచ్చే జాగాయే వేరుగా ఉంటుంది. రోడ్డు అంచుకు మరీ ఆనుకోకుండా ఒక మీటరు ఎడంగా, వంకరలు పోకుండా తొక్కడం అక్కడే చూపించాను. అంచుకు ఆనుకుంటే ఇసుక, జాలీలు, తెరుచుకునే కారు తలుపులు అన్నీ అక్కడే ఉంటాయి.

సైకిల్ సంగతి

సైకిళ్ల పరిస్థితి మొదట చూసినప్పుడు, వీటితో ఇంతదూరం ఎలా వస్తున్నారా అనిపించింది. చాలావాటికి సీటు అడుగుకు దించేసి ఉంది. ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకు పూర్తిగా ఆనాలన్నది మనవాళ్ల పట్టుదల. అలా తొక్కితే మోకాలు ఎప్పుడూ సగం వంగే ఉంటుంది, మూడు నాలుగు కిలోమీటర్లకే చిప్ప దగ్గర నొప్పి మొదలవుతుంది. మడమను పెడల్ మీద పెట్టి కిందికి తొక్కినప్పుడు కాలు దాదాపు నిటారుగా వచ్చేంత ఎత్తుకు సీటు లేపి, ఆ తర్వాత పాదం ముందుభాగంతో తొక్కమన్నాం. కూతురి సైకిల్ తెచ్చుకున్న హెల్పరు ఎత్తుకు ఆ సీటు గొట్టం చాలలేదు. పొడవాటి గొట్టం వేయించాక, అంతకుముందు మోకాలికి రాసుకుంటూ వచ్చిన తైలం మానేశాడు.

రాడ్డు సైకిళ్లకు ముందు పళ్ల చక్రం 44 పళ్లు, వెనక ఫ్రీవీల్ 18 పళ్లు. పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చదునైన రోడ్డు మీద ఇది బాగానే ఉంటుంది, వంతెన ఎక్కుడులో తొడలు పట్టేస్తాయి. 22 పళ్ల ఫ్రీవీల్ వేసి గొలుసుకు ఒకటి రెండు లింకులు కలిపిస్తే పెడల్ చుట్టుకు చక్రం రెండు చుట్లే తిరుగుతుంది. వేగం కొంచెం తగ్గినా దిగకుండా ఎక్కవచ్చు. గేరు సైకిల్ కొనడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. పటమటలో ఒక ముసలాయన దగ్గర ఈ పనంతా చేయించాం. పుల్లలు బిగించి రిమ్ముల బెండు తీయడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఇప్పుడు తన దగ్గరికి పిల్లల సైకిళ్లు తప్ప రావడం లేదని, పెద్దవాళ్ల సైకిల్ చూసి చాన్నాళ్లయిందని ఆయన చెప్పాడు.

వానాకాలానికి ఒక జాగ్రత్త ముఖ్యం. స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు పట్టు చాలావరకు పోతుంది, వంతెన దిగేటప్పుడు ముందునుంచే మెల్లగా బ్రేకు పట్టి రిమ్మును తుడుచుకుంటూ రావాలి. రాత్రికి వెనక ఎర్రలైటు తప్పనిసరి చేశాం. సైకిల్ రిఫ్లెక్టర్ల నాణ్యత మీద 2020లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది కాబట్టి కొత్త సైకిళ్లతో అవి మంచివే వస్తాయి, పాతవాటికి విడిగా వేయించాలి. సైకిల్ తొక్కేవాళ్లకు హెల్మెట్ చట్టం అడగదు. నేను సూచించాను, ఒకరిద్దరు తప్ప పెట్టుకోలేదు. ఎండలో దాని బాధ ఏమిటో నాకూ తెలుసు కాబట్టి గట్టిగా పట్టుబట్టలేదు. ఒక్కటే కొనగలిగితే ముందు వెనక లైటు కొనమనే చెబుతాను.

షెడ్డు యజమాని చేసినవి

పెద్ద ఖర్చులేమీ కావు. రేకుల నీడలో, వాచ్‌మన్ కంటికి కనపడేచోట, సైకిల్‌కు గొలుసు వేసుకోవడానికి ఇనుప పైపు ఒకటి వెల్డింగ్ చేయించారు. అది వాళ్ల పనే కాబట్టి సాయంత్రానికల్లా తయారైంది. గాలి పంపు, వాల్ ట్యూబు ముక్కలు, పంక్చర్ సామాను ఒక డబ్బాలో పెట్టారు. ఒక స్నానాల గదికి తలుపు బిగించారు. ఎలాగూ పని బట్టలు మార్చుకునేవాళ్లే కాబట్టి చెమట పట్టిందన్న బాధ ఇక్కడ రాలేదు. ఆఫీసు ఉద్యోగుల కేసుల్లో ఇదే పెద్ద గొడవ అవుతుంది.

ఎండాకాలపు పనివేళల మీద మాత్రం చాలా చర్చ జరిగింది. బెజవాడను బ్లేజ్‌వాడ అనడం ఊరికే రాలేదు. రోహిణి కార్తెలో పది దాటాక సైకిల్ తొక్కమని ఎవరికీ చెప్పను. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా పని ఏడున్నరకే మొదలుపెట్టి, మధ్యాహ్నం విరామం పెంచి, పొద్దు వాలాక ముగించాలన్నది నా సూచన. మధ్యాహ్నం ఇంటికి పోలేని వాళ్లకు ఆ పొడవైన విరామం ఎందుకని పనివాళ్లే అభ్యంతరం చెప్పారు. చివరికి సైకిల్‌వాళ్లకు పొద్దున ముందే వచ్చి సాయంత్రం ముందే వెళ్లే వీలు ఇచ్చి ఊరుకున్నారు. మేలో రెండు వారాలు కొందరు షేర్ ఆటోకు మారారు, ఆ తర్వాత తిరిగి వచ్చారు. దాన్ని వైఫల్యంగా నేను రాయను. ఏడాదిలో యాభై వారాలు తొక్కి రెండు వారాలు మానేసినవాడు సైకిల్ మనిషే.

పరువు సంగతి దీనికన్నా మొండిగా నిలిచింది. పెళ్లి కావలసిన కుర్రాళ్లు సైకిల్ మీద రావడానికి సిగ్గుపడ్డారు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు అబ్బాయికి బండి ఉందా అని అడుగుతారట. వాళ్లతో నేను వాదించలేదు, వాళ్లు అడ్వాన్సు తీసుకుని బండ్లు కొనుక్కున్నారు. నిలిచినవాళ్లలో ఎక్కువమంది పెళ్లయి పిల్లలున్నవాళ్లు. బాగుచేయించిన ఒక్క బండిని ఇంటి దగ్గర వదిలి, పిల్లలను బడికి దింపడానికీ బజారుకూ భార్యకు ఇచ్చి, తాము సైకిల్ మీద వస్తున్నారు. ఇంట్లో రెండో బండి కొనకుండా తప్పించేది సైకిలేనన్న కోణం నాకు ఈ కేసులోనే బాగా అర్థమైంది. ఇప్పుడు ఇతర సంస్థల్లోనూ మొదట అడిగే ప్రశ్న అదే.

అర్జీలు

నగరమంతా సైకిల్ ట్రాకులు వేయాలని అర్జీ పెట్టడం తేలిక. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలకన్నా మనుషుల కదలికకు ప్రాధాన్యమివ్వాలని చెప్పింది. సైకిల్ ట్రాకులు ఎలా వేయాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు ఉన్నాయి. అవన్నీ ఉటంకిస్తూ రాసిన అర్జీలు నేను చాలా చూశాను. వాటికి వచ్చే జవాబు ‘పరిశీలిస్తాం’. ఒకవేళ ట్రాకు వేసినా పక్కన దుకాణాల పార్కింగ్‌కు పనికొస్తుంది. మోటారు వాహనాలు సైకిళ్లకు కేటాయించిన దారిలోకి రాకూడదని రోడ్డు నియమాల్లో ఉంది గానీ, అడిగేవాడు ఉండాలి కదా.

ఈ కేసులో మేం ఒక్కో అడ్డంకికి ఒక్కో అర్జీ రాశాం. ఎందుకంటే వాటి యజమానులు వేరు వేరు. పట్టాల దగ్గర రైల్వే, కాలనీ రోడ్లకు నగరపాలక సంస్థ, రహదారికి జాతీయ రహదారుల సంస్థ, సిగ్నల్ సమయాలకు ట్రాఫిక్ పోలీసులు. ఒకే కాగితంలో నాలుగు కోరికలు రాస్తే ప్రతి కార్యాలయమూ మిగతా మూడింటినీ చూపించి పక్కన పెడుతుంది. ప్రతి అర్జీలోనూ ఒకే కోరిక, ఒక ఫొటో, టేపుతో కొలిచిన కొలత, షెడ్డు పనివాళ్ల సంతకాలు. జాలీ విషయంలో, కడ్డీలు పొడవుగా కాక అడ్డంగా వచ్చేలా దాన్ని తిప్పి బిగించండి అని మాత్రమే అడిగాం. కొత్త డబ్బు అక్కర్లేని కోరిక కాబట్టి అది జరిగింది. సోమవారం అర్జీల రోజున వరుసలో నిలబడింది నేను కాదు, వెల్డరే. కడ్డీల మధ్య ఎంత సందు ఉందో, దాన్ని ఎలా తిప్పవచ్చో నాకన్నా ఆయనే బాగా చెప్పాడు.

వీధి దీపాల కోసం కూడా ఒక అర్జీ పెట్టాం, అది సగం నెరవేరింది, వీధిలో ఒక వైపు వెలుగుతున్నాయి. గేటు పక్కన సైకిల్ నెట్టుకుని పోవడానికి సందు వదలాలని అడిగిన దానికి భద్రత దృష్ట్యా వీలుకాదని జవాబు వచ్చింది, ఆ కారణం సబబైనదే. రహదారి దాటే చోట పచ్చలైటు సమయం పెంచడానికి, డివైడర్‌లో రెండు సైకిళ్లు నిలిచేంత జాగా ఇవ్వడానికి పెట్టిన అర్జీకి ఇంకా జవాబు లేదు. అక్కడ దాటే మనుషులను, సైకిళ్లను పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా లెక్కపెట్టి ఆ పట్టికను జతచేసి మళ్లీ పంపించే పని పక్క షెడ్ల వాళ్లతో కలిసి చేస్తున్నాం. ఒక షెడ్డు సంతకాలకన్నా ఆ వీధి మొత్తం సంతకాలకు బరువు ఎక్కువ.

రాత్రి డ్యూటీ చేసే పెయింటర్ల సంగతి ఇంకా తేలలేదు. తెల్లవారుజామున పని ముగించి, రాత్రంతా థిన్నర్ వాసనలో నిద్రలేకుండా ఉన్న మనిషిని రహదారి దాటి ఎనిమిది కిలోమీటర్లు తొక్కుకుంటూ వెళ్లమని నేను చెప్పలేదు, చెప్పను కూడా. వాళ్లకోసం యజమాని ఒక ఆటోను నెలవారీగా మాట్లాడారు. సిగ్నల్ సంగతి తేలేదాకా ఆ ఏర్పాటు మార్చవద్దని నివేదికలో రాసిచ్చాను.